జబ్బు చెప్పి తీసుకెళ్ళండి

మా బావ ఉద్యోగం వినడానికి చాలా చిన్నది. సిటీ బస్సుల్లో జనం మరిచిపోయిన వస్తువుల్ని భద్రంగా దాచడం, వాళ్ళు వెతుక్కుంటూ వస్తే తిరిగి ఇవ్వడం. డిపో ఆఫీసు మెట్ల కింద ఒక గది, గదికి ఇనుప జాలీ, జాలీలో చెయ్యి పట్టేంత కంత, ఆ కంత వెనక బావ. ఇరవై ఆరేళ్ళుగా అక్కడే. గది పొడుగునా ర్యాకులు. గొడుగులు ఒక వరస, టిఫిన్ డబ్బాలు ఒక వరస, పైన హెల్మెట్లు, కింద ఒంటి చెప్పులు. ఒక చెప్పు బస్సులో వదిలేసిన మనిషి రెండో చెప్పుతో ఇంటిదాకా ఎలా నడిచాడన్నది బావకి ఇప్పటికీ తేలని విషయం. ఒక కట్టుడు పళ్ళ సెట్టు కూడా ఉంది. దానికోసం ఎవరూ రాలేదు. వచ్చినా కావలసిందేమిటో నోరు తిరిగేలా చెప్పలేరు కదా అంటాడు.

ఇంత చిన్న ఉద్యోగంలో అంత పెద్ద తలనొప్పి ఎలా కొనితెచ్చుకున్నాడన్నదే నేను చెప్పబోయేది. నేను ఆయన మరదల్ని, డిపో గేటుకి ఎదురుగా ఉన్న డీటీపీ షాపులో టైపు చేస్తాను. ఆయన్ని ఆటపట్టించే హక్కు అక్క పెళ్ళినాడే నాకు దఖలు పడింది. కాబట్టి ఇందులో ఎక్కడైనా ఎగతాళి ధ్వనిస్తే అది చుట్టరికం వల్ల వచ్చిందని సరిపెట్టుకోండి.

ఉద్యోగంలో చేరిన తొలి వర్షాకాలంలోనే బావకి పరీక్ష ఎదురైంది. ఒక నల్ల గొడుగు కోసం ఒకే రోజు నలుగురొచ్చారు. ఏ రంగు అంటే నలుగురూ నలుపే అన్నారు. ఎంత పొడుగు అంటే నలుగురూ చేతులు ఒకేలా చాచారు. అందులో అబద్ధమాడినవాడు ఒక్కడూ లేడు, నలుగురూ నిజంగానే నల్ల గొడుగులు పోగొట్టుకున్నారు. బావ తల గోక్కుని, గొడుగు ఒకసారి విప్పి ముడిచి, "దీనికున్న జబ్బేమిటో చెప్పండి" అన్నాడు. ముగ్గురు మొహాలు చూసుకున్నారు. నాలుగో ఆయన మాత్రం, "విప్పేటప్పుడు ఒక పుల్ల వెనక్కి తిరుగుతుందండీ, ఎడంచేత్తో కాస్త సర్దాలి" అన్నాడు. గొడుగు ఆయనకిచ్చేశాడు.

ఆ మర్నాడే జాలీకి అట్టముక్క వేలాడింది: "జబ్బు చెప్పి తీసుకెళ్ళండి." కొత్తవాళ్ళు అది దవాఖానా అనుకునేవారు. ఒక పెద్దాయన మోకాలి నొప్పి గురించి పావుగంట చెప్పుకుంటే, బావ ఓపిగ్గా విని, ఆస్పత్రి రెండు స్టాపుల అవతల ఉందని చెప్పి పంపాడు. డ్రైవర్లూ కండక్టర్లూ ఆయనకి గొడుగుల డాక్టరని పేరు పెట్టారు. పేరు నిలిచిపోయింది. ఇంటికి వచ్చే ఉత్తరాల మీద తప్ప ఆయన అసలు పేరు ఇప్పుడెక్కడా కనిపించదు.

ఇంకొకరైతే అది పని జరిగే ఉపాయం అనుకుని ఊరుకునేవారు. బావ దాన్ని పట్టుకుని ఆలోచించడం మొదలుపెట్టాడు. చిక్కు అక్కడే వచ్చింది. ఒకరోజు భోజనాల దగ్గర, చేతిలో ముద్ద చేతిలోనే ఉండగా, అక్కకీ నాకూ తన సిద్ధాంతం వినిపించాడు.

"వస్తువు బాగు ఎవడికైనా కనిపిస్తుంది. షాపులో ఉన్నప్పుడే కనిపిస్తుంది. దాని జబ్బు మాత్రం దాంతో కాపురం చేసినవాడికే తెలుస్తుంది. అంటే ఏంటి? తెలియడమంటే జబ్బు తెలియడమే. తక్కినదంతా చూడ్డం, అంతే."

"అలాగా," అంది అక్క. "మరి నా జబ్బేమిటో చెప్పండి చూద్దాం."

బావ నోరు తెరిచి, మళ్ళీ మూసి, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. తత్వవేత్తకి ఉండాల్సిన మొదటి లక్షణం ఆయనకి ఆ క్షణంలోనే అబ్బిందని నా నమ్మకం.

"నేను మాత్రం చెప్పగలను," అంది అక్క నావైపు తిరిగి. "ఈయన్ని ఎక్కడన్నా బస్సులో మరిచిపోయాననుకో, ఆ కంత దగ్గర నుంచుని పొద్దుపోయేదాకా చెప్తాను. వాళ్ళ రిజిస్టరు చాలదు."

ఇలా ఇంట్లోనూ డిపోలోనూ నవ్వులతో గడిచిపోతున్న సిద్ధాంతానికి ఒక బుధవారం లెక్చరరుగారు తగిలారు. కాలేజీలో తత్వశాస్త్రం చెప్పే మనిషి. సన్నగా, ఇస్త్రీ నలగకుండా, మాట తూచి మాట్లాడేవారు. ఆయన తోలు బ్యాగు ఒకటి బస్సులో ఉండిపోయింది. అందులో ఆయన చేత్తో రాసిన పుస్తకం, నాలుగు వందల పన్నెండు పేజీలు, ఇంకో ప్రతి లేదు. పద్దెనిమిదేళ్ళు రాశారట. ఆ రోజు జరిగింది నేను చూడలేదు గానీ, బావ ఇంట్లో రెండు గొంతుల్లో మూడుసార్లు ఆడి వినిపించాడు కాబట్టి చూసినట్టే లెక్క.

లెక్చరరుగారు బస్సు నంబరు చెప్పారు, సీటు చెప్పారు, బ్యాగు జిప్పు సగంలో పట్టేస్తుందని కూడా చెప్పారు. బావ సంతోషించి, బ్యాగు తీసి, అందులోని కాగితాల కట్ట పక్కన పెట్టుకుని, ఖాళీ బ్యాగు కంతలోంచి ఇచ్చాడు.

"బ్యాగు మీదేనండీ, సందేహం లేదు. ఇప్పుడు లోపలున్నదాని సంగతి చెప్పండి. పుస్తకానికి జబ్బేమిటి?"

"పుస్తకానికి జబ్బేమిటయ్యా?"

"అంటే, ఎక్కడన్నా తేడా. పట్టేసే చోటు."

"పద్దెనిమిదేళ్ళ కృషి అది. వంక పెట్టడానికి లేదు."

"ఒక్కటైనా లేదాండీ?"

"లేదంటున్నాగా!"

"అయితే ఇది మీరు రాసింది కాదేమోనండీ," అన్నాడు బావ ఎంతో మర్యాదగా. "రాసినవాళ్ళకి ఎక్కడో ఒకచోట గుచ్చుకుంటూ ఉండాలి."

లెక్చరరుగారి మొహం కందగడ్డలా అయిందట. ఇది తెలివా తిక్కా అని అడిగారు. బావ తన సిద్ధాంతం ముద్ద దగ్గర చెప్పినట్టే చెప్పాడు. అప్పుడాయన, తత్వశాస్త్రంలో చెప్పాల్సినవాళ్ళు చెప్పాల్సింది ఎప్పుడో చెప్పేశారనీ, మనం చెయ్యాల్సింది చదివి అర్థం చేసుకోవడమేననీ, మెట్ల కింద కూర్చుని కొత్తవి పుట్టించడానికి అది ఆషామాషీ వ్యవహారం కాదనీ అన్నారు.

"అంటే ఆ కౌంటరు మూసేశారాండీ?" అని అడిగాడు బావ. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. ఆయన్నెరిగినదాన్ని, వెటకారం ఆయనకి చేతకాదని నాకు తెలుసు.

"నీబోటివాళ్ళకి అది ఎప్పుడూ తెరవలేదు," అని చెప్పి లెక్చరరుగారు అదే మెట్లెక్కి పైకి వెళ్ళి, ఫిర్యాదు రాసిచ్చి దిగారు.

ఆ చివరి మాట మాత్రం బావ ఇంట్లో ఒక్కసారే చెప్పాడు, గొంతు మార్చకుండా.

రెండో రోజే మెమో వచ్చింది. ప్రయాణికుడి సొత్తు అన్యాయంగా ఆపినందుకు మూడు వారాల తర్వాత విచారణ. తప్పని తేలితే కౌంటరు నుంచి తీసేసి, రిటైరయ్యేదాకా ఉన్న పద్నాలుగు నెలలూ టికెట్ల గోడౌనులో వేస్తారు. అక్కడికి మనుషులు రారు, చుట్టలు చుట్టిన కాగితం తప్ప ఏమీ ఉండదు. అప్పటిదాకా ఆ పుస్తకం సీలు వేసి మేనేజరు బీరువాలో పెట్టారు.

"ఇచ్చి పారెయ్యకపోయారా ఆ కాగితాలు!" అంది అక్క. "ఆయన మొహం చూస్తే తెలియడం లేదా, ఆయనవేనని?"

"తెలుస్తోంది. కానీ అడిగిన ప్రశ్నకి జవాబు లేకుండా ఇచ్చేస్తే, ఇన్నేళ్ళూ నేనడిగింది ఉత్త ఆట అయిపోతుంది."

"ఆటే కదా!"

బావ మెమోని మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకు అప్పుడు అర్థమైంది, ఆయన భయపడుతున్నది గోడౌనుకి కాదని. తనకి తోచినది ఆలోచనేనా, లేక గుమాస్తా చాదస్తమా అన్నది తేల్చుకోలేక కుమిలిపోతున్నాడు. ఆ మూడు వారాలూ కొత్తగా ఏ సిద్ధాంతమూ చెప్పలేదు. నాకు చాలా బాధేసింది. ఆయన మాట్లాడుతున్నంత కాలం ఎప్పుడు ఆపుతాడా అనుకున్నదాన్ని నేనే.

సంజాయిషీ నేనే టైపు చేశాను. ఆయన చెప్పింది పదకొండు పేజీలొచ్చింది, అందులో తొమ్మిది జ్ఞానమంటే ఏమిటన్న దాని మీద. నేను కత్తిరించి, "సదరు వస్తువు సొంతదారు ఎవరో నిర్ధారణ కానందున" అని ఒక్క పేజీకి తెచ్చాను. చదివి, "ఇందులో నేనెక్కడున్నానే?" అన్నాడు. "కింద సంతకంలో ఉన్నావు బావా," అన్నాను.

విచారణ రోజు పొద్దున్నే, దాన్ని జరిపే ఆఫీసరుగారి టైపిస్టు సెలవు పెట్టింది. గేటుకి ఎదురుగా ఉన్న షాపు నుంచి ఒకరిని పంపమని డిపో నుంచి ఫోనొచ్చింది. షాపులో టైపు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అలా బావ మీద జరిగే విచారణ రాయడానికి మరదలే వెళ్ళింది. చుట్టరికం సంగతి ఎవరూ అడగలేదు. ఆఫీసుల్లో అడగనిదానికి జవాబు చెప్పకూడదని నాకు బావే నేర్పాడు.

పైగదిలో గోడనిండా బస్సు రూట్ల పటం, దానిమీద రంగురంగుల గుండుసూదులు. ఆఫీసరుగారికి జలుబు, మాట మాటకీ చేతిరుమాలు తీస్తున్నారు. బల్ల మీద సీలు వేసిన కట్ట. ఒక పక్క బావ, ఇస్త్రీ చొక్కాలో, అది తనది కానట్టు. ఇంకో పక్క లెక్చరరుగారు. ఈయన చొక్కా నలిగి ఉంది, గడ్డం మూడు రోజులది.

"మీ ఫిర్యాదు చదవమంటారా?" అన్నారు ఆఫీసరుగారు.

"వద్దండీ. ముందు ఆయన్ని ఆ ప్రశ్న నన్ను మళ్ళీ అడగమనండి."

ఆఫీసరుగారు రుమాలు ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే ఉండిపోయారు. బావ లేచి నుంచున్నాడు. "పుస్తకానికి జబ్బేమిటండీ?"

"ఏడో అధ్యాయం," అన్నారు లెక్చరరుగారు. "మనిషి తన్ను తాను ఎలా తెలుసుకుంటాడని మొదటి పేజీలో అడిగాను. తర్వాత యాభై పేజీలు, పదకొండుమంది ఏమన్నారో రాశాను. నేనేమంటానో రాయలేదు. మరిచిపోయి కాదు, భయమేసి. రాస్తే ఎవరో ఒకరు తప్పంటారు కదా. కాగితాలు దగ్గరున్నన్నాళ్ళూ తిరగేసుకుంటూ బాగానే ఉందనుకున్నాను. ఈ మూడు వారాలు అవి లేక, తలుచుకున్న ప్రతిసారీ అక్కడే కాలు జారుతోంది."

"తీసుకోండి సార్, మీదే!" అని బావ కట్ట ఎత్తి ఆయన చేతిలో పెట్టేశాడు. మొహం వెలిగిపోయింది. "ఆగండాగండి, సీలు!" అని ఆఫీసరుగారు సగం లేచారు. అప్పటికే ఆ ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఊపుకుంటున్నారు.

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని లెక్చరరుగారు చెప్పగా నేను రెండు లైన్లు టైపు చేసేశాను. లేచి షాపుకి పోవడమే మిగిలింది. కానీ పాఠం చెప్పే మనిషి ప్రశ్న వెయ్యకుండా గది దాటుతాడా?

"ఒకటి అడగనా?" అన్నారు లెక్చరరుగారు. "మీ సిద్ధాంతానికి జబ్బేమిటండీ?"

బావ తెల్లబోయాడు.

"నవ్వులాటకి కాదు. మీరన్నదాని మీద రోజూ ఆలోచించాను. కొత్తగా ఉంది, ఎక్కడా చదవలేదు. అందుకే అడుగుతున్నాను. జబ్బు తెలియకపోతే మరి అది కూడా మీది కాదనే కదా లెక్క?"

మొదటి రోజు "నువ్వు" అన్న మనిషి ఇప్పుడు "మీరు" అంటున్నారు. బావకి ఆ పిలుపు ఎంత విలువైనదో అక్కడ నాకొక్కదానికే తెలుసు. లేదండీ అని ఒక్క ముక్క అంటే చాలు, కౌంటరు దక్కుతుంది. అనాలనే నేను మొక్కుకున్నాను.

"ఉందండీ," అన్నాడు.

"నాలుగేళ్ళ కిందట ఒకావిడొచ్చింది. బట్టలు కుడుతుంది. వాళ్ళ నాన్న చేతికర్ర బస్సులో మరిచిపోయి, ఆ వారంలోనే పోయాడు. ఆవిడ కర్ర కోసం వచ్చింది. జబ్బేమిటని అడిగాను. కర్రకి జబ్బేముంటుందండీ, నాన్న కర్ర అది, ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు అంది. గుర్తొచ్చాక రమ్మన్నాను."

నా వేళ్ళు ఆగిపోయాయి.

"ఏమ్మా, ఆగావు?" అన్నారు ఆఫీసరుగారు.

బావ నావైపు చూశాడు. "కొట్టండి మేడమ్," అన్నాడు. నా బతుకులో ఆయన నన్ను మేడమ్ అనడం అదే మొదలు, అదే చివర. కొట్టాను.

"ఆవిడ అబద్ధమాడడం లేదని చూడగానే తెలిసింది. అయినా ఇవ్వలేదు. నా ప్రశ్న ఓడిపోకూడదనుకున్నాను. మనిషిని ఓడించి పంపాను. ఆవిడ మళ్ళీ రాలేదు. ఆర్నెల్లు దాటితే వస్తువుని వేలానికి పంపాలి. అదీ పంపలేదు. నా గదిలో ర్యాకు వెనక నిలబెట్టి ఉంది. రోజూ చూస్తాను. ప్రేమ ఉండి కూడా జబ్బు తెలియనివాళ్ళు ఉంటారు సార్. వాళ్ళకి నా సిద్ధాంతంలో చోటు లేదు. అదే దాని జబ్బు."

ఆఫీసరుగారు జలుబు మరిచిపోయి చకచకా రాసుకుంటున్నారు. అడక్కుండానే రెండు తప్పులు ఒప్పుకున్న ఉద్యోగి ఆయనకెప్పుడూ దొరికి ఉండడు. లెక్చరరుగారు మాత్రం లేచి, కట్ట చంకలో పెట్టుకుని, "అయితే ఇది మీదేనండీ. పనిచెయ్యండి దానిమీద. ఏడో అధ్యాయం అయ్యాక నేనూ వస్తాను, పోట్లాడుకుందాం," అన్నారు.

వారం తిరక్కుండా ఆర్డరొచ్చింది. గోడౌను. "జబ్బు చెప్పి తీసుకెళ్ళమంటే ఉద్యోగాన్నే తీసుకెళ్ళిపోయారు," అంది అక్క. అని, లోపలికి వెళ్ళి, ఆయన చొక్కాలన్నీ మళ్ళీ ఇస్త్రీ చేసింది. ఇస్త్రీ అవసరం లేనివి కూడా చేసింది. తిట్టలేనంత ముచ్చట వేసినప్పుడు అక్క చేసే పని అది.

కౌంటరులో చివరి రోజు, కర్రని సొంతదారుకి చేర్చమని ఆఫీసరుగారే అనుమతిచ్చారు. పాత రిజిస్టరులో చిరునామా ఉంది. ఒక్కడే వెళ్ళడానికి ధైర్యం చాలక బావ నన్ను వెంటబెట్టుకెళ్ళాడు. బస్సులో కర్రని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు, మరిచిపోతానేమోనన్నట్టు.

వీధిలోకి తెరుచుకునే ఒక్క గది అది. రెండు మిషన్లు, గోడకి మేకుల వరస, ప్రతి మేక్కీ ఒక దారపు రీలు. ఆవిడ నలభై ఏళ్ళ మనిషి, మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. బావని గుర్తుపట్టలేదు, కర్రని గుర్తుపట్టింది. సూదులు తీసి పక్కన పెట్టింది.

దారంతా బావ ఏవో మాటలు కూడబలుక్కున్నాడు. అక్కడికెళ్ళాక, "ఆలస్యమైందమ్మా. ఆ రోజే ఇవ్వాల్సింది. నాది తప్పు," అని మాత్రం అన్నాడు. ఏమీ అడగలేదు.

ఆవిడ కర్ర తీసుకుని, చీర చెంగుతో తుడిచి, ఒకసారి దాని మీద ఆనుకుని నిలబడింది. నిలబడి, మళ్ళీ తీసి చూసింది. మెడలోంచి టేపు లాగి కర్ర మీద పెట్టింది. తర్వాత తన నడుము దగ్గర్నుంచి నేల దాకా కొలుచుకుంది.

"ఇది నాకే పొట్టిగా ఉందండీ," అంది. "నాన్న నాకంటే జానెడు పొడుగు."

బావ కర్ర వైపు వంగి చూశాడు.

"ఈ చుట్టుపక్కల అందరి కొలతలూ నాకు నోటికొచ్చు. ఈ కర్రతో ఆయన పదేళ్ళు నడిచాడు. వయసు మీదపడి వంగిపోతున్నాడనుకున్నాం." టేపు చుట్టుకుంటూ ఆవిడ బావవైపు చూసింది. "ఆ రోజు మీరడిగింది ఇదేనాండీ?"

ఔనంటే ఎంత బాగుండేదో. ఇరవై ఆరేళ్ళ ప్రశ్న ఆ ఒక్క మాటతో గెలిచేది.

"కాదమ్మా," అన్నాడు బావ. "నాలుగేళ్ళు నా దగ్గరే ఉంది, నాకూ కనపడలేదు. ఊరికే అడిగాను, అలవాటు కొద్దీ."

ఆవిడ కర్ర పిడిని ఒకసారి తడిమింది. తర్వాత దాన్ని మిషను పక్కన గోడకి ఆనించి, స్టూలు మీదున్న బట్టలు తీసి, మమ్మల్ని కూర్చోమంది.